జడ్జిగారి జ్వరం

పంతొమ్మిదో శతాబ్దంలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక జడ్జిగారు ఉండేవారు. ఆయన చేతిరాత చదవగలిగిన మనిషి ఇవాళ ప్రపంచం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ అమెరికావాడు కాదు. జడ్జిగారి కాగితాలు పదకొండు పెట్టెలు. ఆ పదకొండూ మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివి, ఆయన వకీలుగా ఏ కేసు ఎలా గెలిచాడో, శాసనసభలో ఎన్నిసార్లు నోరు తెరిచాడో, జడ్జిగా ఎవరికి ఏ శిక్ష వేశాడో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాణ్ణి నేనే.

మా వాకింగ్ బృందంలో ఇలాగే చెబుతుంటాను. ఇదే రాష్ట్రంలో నేపర్‌విల్ అన్న ఊళ్ళో మేం ఆరుగురం ముసలివాళ్ళం, మంచు లేని రోజుల్లో పొద్దున్నే మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, చుట్టూ రెండుసార్లు తిరుగుతాం. మాలో ఒకాయన తాను పచ్చజెండా ఊపకపోతే ఆ లైనులో రైలు కదిలేది కాదంటాడు. ఇంకొకాయన తన సంతకం లేనిదే జిల్లాలో పొగాకు బేరం జరిగేది కాదంటాడు. అలాంటి చోట ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు వెనకబడిపోతాడు, మాటలోనూ నడకలోనూ.

సంగతి మొదలైంది రెండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో. చలికాలమంతా ఇంట్లో కూర్చుని టీవీతో పోట్లాడుతున్నానని మా అమ్మాయి నన్నూ నా భార్యనూ మనవరాలితో సహా కారెక్కించి, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి లైబ్రరీకి తీసుకెళ్ళింది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పాత చేతిరాత చదవడం వచ్చినవాళ్ళు వారానికి రెండు పూటలు వచ్చి సాయం చేయగలరా అని దాని సారాంశం. పక్కన నమూనాగా ఒక పాత ఉత్తరం ఫోటో. మా మనవరాలు దాని ముందు నిలబడి తల పక్కకు వాల్చింది.

"తాతా, వాట్ లాంగ్వేజ్ ఈజ్ దిస్?"

"ఇంగ్లీషేనే."

"నో వే!"

హైస్కూలు చదివే పిల్ల. కల కూడా ఇంగ్లీషులోనే కంటుంది. కలిపిరాత మాత్రం బళ్ళో నేర్పలేదట. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆ ఉత్తరం గడగడా చదివేశాను. ఒక మనిషి వానలో తడిసి ఏదో ఊరు చేరాడు, గుర్రం కుంటుతోంది, బసలో పడక ఇంకొకరితో పంచుకోవాల్సి వచ్చింది, ఆ ఇంకొకరి గురక భరించలేనిది. అదంతా భార్యకు రాసుకున్నాడు. పిల్ల నావైపు చూసిన చూపు ఇన్నాళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఆ చూపే నన్ను ముంచింది.

"నాన్నా, యూ షుడ్ డూ దిస్. ఫారమ్ ఇక్కడే ఫిల్ చేసేద్దాం" అంది అమ్మాయి.

ఫారమ్‌లో గత అనుభవం అన్న చోట 'జుడీషియరీ, ముప్పయ్యొక్క ఏళ్ళు' అని రాసి ఇచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో అమ్మాయి పట్టుకుంది.

"నాన్నా, జుడీషియరీ అని రాశావేంటి? దే విల్ థింక్ యూ వర్ ఎ జడ్జ్."

"కోర్టులో చెయ్యలేదా నేను? కోర్టు జుడీషియరీ కాకపోతే పశువుల ఆస్పత్రా?"

"కాపీయింగ్ సెక్షన్ అని రాయొచ్చుగా!"

"అక్కడ చోటు లేదు."

వెనక సీట్లోంచి నా భార్య, "చోటుంటే చీఫ్ జస్టిస్ అని రాసేవారు" అంది.

చదివేవాళ్ళకు అసలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నేను ఒక జిల్లా కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాను. తీర్పులు, డిక్రీలు, సాక్షుల వాంగ్మూలాలు, ఎవరు అర్జీ పెట్టుకుంటే వాళ్ళకు నకలు తీసి, కింద 'నిజ నకలు' అని ముద్ర వేసి ఇవ్వడం మా పని. చెమ్మకు సిరా అల్లుకుపోయిన కాగితాలు, వెనకవైపు రాత ముందుకు దిగిన కాగితాలు, పురుగు తిన్న కాగితాలు. డాక్టర్ల రాతని లోకం ఆడిపోసుకుంటుంది కానీ, మధ్యాహ్నం మూడింటికి నిద్ర ఆపుకుంటూ జడ్జిగారు రాసుకున్న నోట్సు చదివినవాడికి డాక్టరు రాత అచ్చు పుస్తకంతో సమానం. ముప్పయ్యొక్క ఏళ్ళు నేను చేసింది ఇతరుల మాటలు తిరగ రాయడమే. సొంత మాట ఒకటి రాసే పని పడలేదు. ఇప్పుడు పడితే ఇదిగో, ఇలా ఉంది.

లైబ్రరీ నేలమాళిగలో ఒక గది. కిటికీ లేదు. గోడ వారన ఒక పాత హీటరు, దానికీ నాకూ దగ్గు ఒకేలా ఉంటుంది. ఆ గదిని చూసుకునేది ఒక పెద్దావిడ. ఎనభై రెండేళ్ళు. జడ్జిగారు ఆవిడ అమ్మమ్మకు తాతగారు. ఆ వంశంలో మిగిలింది ఇక ఆవిడ ఒక్కతే. ఆయన జీవితం గురించి ఒక చిన్న పుస్తకం రాయాలని ఉద్యోగం మానినప్పటి నుంచీ కూర్చుంది, పుస్తకం సగంలో ఉండగా చూపు పోవడం మొదలైంది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. నా మొహం చూడాలంటే నా భుజం వైపు చూసేది. మొదటి రోజు నా ఫారమ్ ఎవరో చదివి వినిపించినట్టున్నారు, నేను లోపలికి రాగానే లేచి, "రండి, యువర్ ఆనర్" అంది.

అప్పుడే దిద్దాల్సింది. చెవికి ఇంపుగా ఉంది, ఊరుకున్నాను. రెండో రోజుకు ఆలస్యమైపోయింది. వారం తిరిగేసరికి నేను నా తీర్పుల గురించి ఆవిడకు చెబుతున్నాను. ఆ తీర్పులన్నీ నేను నకలు తీసినవే, కాబట్టి వివరాల్లో తప్పు దొర్లలేదు.

జడ్జిగారి కథ గొప్పదేమీ కాదు. తూర్పు రాష్ట్రంలో రైతు కొడుకు, రెండు చలికాలాలు బడిపంతులుగా చేసి, పడమటికి వచ్చాడు. లా కాలేజీ గడప తొక్కలేదు. ఒక ముసలి వకీలు ఆఫీసులో నేల ఊడ్చి, సిరాబుడ్లు నింపి, అక్కడున్న నాలుగు పుస్తకాలు రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత ముగ్గురు వకీళ్ళు భోజనం దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, సరే, ఇవాళ్టి నుంచి నువ్వూ వకీలువే అన్నారు. ఆ రోజుల్లో కోర్టే ఊరూరా తిరిగేది. జడ్జి, వకీళ్ళు కలిసి గుర్రాల మీద బయల్దేరి, ఒక్కో ఊళ్ళో వారం పది రోజులు మకాం వేసేవారు. మన క్యాంపు కోర్టులాంటిదే, కాకపోతే మన జడ్జిగారి వెనక జీపు, డవాలా బంట్రోతు, టిఫిన్ క్యారియరు ఉంటాయి. వాళ్ళకు బురద ఉండేది. పగలు కోర్టులో ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న వకీళ్ళిద్దరూ రాత్రి ఒకే పడక మీద పడుకునేవారు. గురక సంగతి ఇందాకే చెప్పాను.

కేసులు కూడా అంతే. కంచె రెండు మూరలు జరిపాడని ఒకడు. చర్చి వాకిట్లో అందరి ముందూ దొంగ అన్నాడని ఒకడు. ఒక పంది చెవికి పెట్టిన గాటు ఎవరి గుర్తు అన్న విషయం మీద ఆయన మూడు పేజీల నోట్సు రాసుకున్నాడు, పంది బొమ్మతో సహా. పందిని బాగా వేశాడు. ఆ కేసు ఓడిపోయాడు.

తర్వాత రెండు దఫాలు శాసనసభ. వంతెనలు, బడి భూములు, రైలుబాట ఏ ఊరి మీదుగా పోవాలన్న తగువు. అద్దె గదిలో ఉండి వారానికి మూడు ఉత్తరాలు భార్యకు రాసేవాడు. తిండి బాగాలేదని ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. ఆ తర్వాత జడ్జి పదవి, పద్దెనిమిదేళ్ళు. వకీలుగా ఉన్నప్పటి రాతలో తోకలు, సుడులు, పేజీ చివర ఒక హంసలాంటి సంతకం. జడ్జి అయ్యాక ఒక్కో ఏడాదీ ఒక్కో సుడి రాలిపోయింది. చివరి నోటు పుస్తకాల్లో వాది పేరు, ప్రతివాది పేరు, ఒక వాక్యం తీర్పు, పంటి నొప్పి. అంతే. మార్జిన్‌లో అక్కడక్కడా ఒంటరిగా ఒక మాట కనిపిస్తుంది, అలసట అని. ఎవరికి చెప్పుకున్నాడో తెలియదు. అది చదివిన పూట నేను కూడా పెన్ను కింద పెట్టేసి కాసేపు హీటరు దగ్గు వింటూ కూర్చున్నాను. మనకు ముందు వెళ్ళినవాడి మోకాళ్ళు కూడా నొప్పెట్టాయని తెలిస్తే మన మోకాళ్ళకు ఒరిగేదేమీ లేదు. అయినా ఎందుకో కూర్చోబుద్ధయింది.

పదకొండు పెట్టెలన్నాను కదూ. తొమ్మిది పెట్టెలు చూపు బాగున్నప్పుడు ఆవిడే చదివింది, టైపు కూడా చేయించింది. నేను చదివింది ఒక పెట్టె పూర్తిగా, రెండో దానిలో ముప్పాతిక. ఆవిడకు లొంగనివే నా దగ్గరికి వచ్చాయి. లొంగకపోవడానికి కారణం, జడ్జిగారి పొదుపు. కాగితం ఆదా చేయడానికి పేజీ నిండా అడ్డంగా రాసి, కాగితం తిప్పి, అదే రాత మీద నిలువుగా మళ్ళీ రాసేవాడు. చూడ్డానికి వలలా ఉంటుంది. అప్పట్లో అందరూ అలాగే రాసేవారట. అడ్డం వరసలు ఆవిడ చదివేసింది. నిలువు వరసలు ఆయన భార్య తర్వాత ఎవరూ చదివినట్టు లేదు.

మార్చి నెలలో ఒక రోజు ఆవిడ ఆ ఉత్తరాల్లోంచి ఒక కట్ట విడిగా తీసి నా ముందు పెట్టింది.

"నాకు కావలసింది ఇందులో ఉండాలి. ఉంటే ఇందులోనే ఉండాలి" అంది.

ఆయన శాసనసభలో ఉన్న కాలంలో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. బయటి నుంచి వచ్చిన నల్లజాతి మనిషి ఎవరూ ఇక్కడ పది రోజులకు మించి ఉండకూడదు. ఉంటే జరిమానా. కట్టలేకపోతే, ఆ జరిమానా ఎవరు కడితే వాళ్ళ దగ్గర వెట్టి చేయాలి. ఆ బిల్లు మీద ఓటు వేసినవాళ్ళ జాబితాలో జడ్జిగారి పేరు అటూ లేదు, ఇటూ లేదు. ఆ రోజు సభకు రాలేదు. ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాట ఏమిటంటే, పాపం ఆయనకు విపరీతమైన జ్వరం, లేకపోతే లేచి వ్యతిరేకంగా ఓటు వేసేవాడే అని.

"ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మమ్మ ఆ జ్వరం గురించి చెప్పింది" అంది పెద్దావిడ. "తర్వాత జడ్జి అయ్యాక ఆ చట్టం కింద ఒక మనిషిని పట్టుకొస్తే, షెరీఫ్ కాగితం సరిగ్గా లేదని కేసు కొట్టేసి పంపించాడు. అది నేనే చదివాను. మంచివాడే. కానీ ఆ రోజు ఆయనకు నిజంగా జ్వరం ఉందా లేదా అన్నది నాకు తెలియాలి. పుస్తకంలో ఆ ఒక్క వాక్యం కోసమే ఆగాను. చూపు పూర్తిగా పోయేలోగా కాదు, అది ఎలాగూ పోతుంది. నేను పోయేలోగా."

అది దొరకడానికి మూడు వారాలు పట్టింది. నా భార్య కూడా అప్పుడప్పుడూ నాతో వచ్చేది. ఇంట్లో అమ్మాయీ అల్లుడూ తలుపులేసుకుని మీటింగుల్లో ఉంటే అడుగు తీసి అడుగు వేయడానికి భయమేస్తోందని, వచ్చి హీటరు పక్క కుర్చీలో కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో సీరియల్ చూసుకునేది. మా ఇంగ్లీషు మాటలు ఆమెకు పట్టవు అనుకునేవాణ్ణి.

ఆ ఉత్తరం దొరికిన రోజు ఆవిడ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని వింటోంది. అడ్డం వరసలు ఆవిడకు కంఠతా వచ్చు, నాతోపాటు పెదవులు కదిలాయి. కాగితం తిప్పాను. నిలువు వరసలు మొదలుపెట్టాను. ఇంటి కప్పు కారుతోందా అని అడిగాడు. చిన్నదాని దగ్గు ఎలా ఉందన్నాడు. తర్వాత, ఆ బిల్లు ఇవాళ వచ్చిందనీ, తాను జ్వరంతో గదిలోనే ఉండిపోయినట్టు సభకు కబురు పంపాననీ ఉంది. అదీ చదివాను.

తర్వాతి రెండు వరసలు నా కంటికి చాలా స్పష్టంగా కనిపించాయి. జ్వరమేమీ లేదనీ, ఒళ్ళు బాగానే ఉందనీ, ఎటు ఓటు వేసినా సగం ఊరు దూరమవుతుంది కాబట్టి పొయ్యి పక్కన కూర్చుని తెగిన జీను పట్టీ కుట్టుకుంటున్నాననీ, ఈ మాట చర్చిలో ఎవరి దగ్గరా అనవద్దనీ రాశాడు.

వాటిని దాటేసి ఆ కింది వరస చదివాను. వచ్చే వారం బయల్దేరతానన్నది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "అయితే అమ్మమ్మ చెప్పింది నిజమే" అంది. అని నవ్వింది. రేకు డబ్బాలోంచి బిస్కెట్లు తీసి నా చేతిలో రెండు, నా భార్య చేతిలో రెండు పెట్టింది. నావి తినేశాను.

ఆవిడ నవ్వు కోసమే దాటేశానని ఇంటికొచ్చేటప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అందులో అబద్ధం లేదు. పూర్తి నిజం కూడా లేదు. ఆ తర్వాత గదికి వెళ్ళాలంటే మంచు బూట్లు తొడుక్కోవడానికి పావుగంట పట్టేది. వెళ్ళిన చోట పని సాగేది కాదు, ఒకే వరస మీద కన్ను నిలబడిపోయేది. ఒక్క మాట మింగితే ఇంత బరువుంటుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు.

"దొంగతనానికి వెళ్ళేవాడిలా ఆ బూట్లేంటండీ, ఒక్కో అడుగూ చూసుకుంటూ ఆ నడకేంటండీ?" అంది నా భార్య ఒక పొద్దున.

"చలి."

"ఏప్రిల్లోనా?"

ఏప్రిల్ చివర పుస్తకం అచ్చుకు ముందు చూసుకునే కాగితాలు వచ్చాయి. ఆవిడ కళ్ళకు అచ్చు ఆనదు కనుక తప్పులుంటే చూసి చెప్పమని, గట్టిగా చదవమని నా చేతికిచ్చింది. ఆ రోజు నా భార్య కూడా ఉంది, ఎప్పటి కుర్చీలోనే. చదువుతూ పోయాను. బడిపంతులు, సిరాబుడ్లు, పంది చెవి, అన్నీ బాగున్నాయి. శాసనసభ పేజీ వచ్చింది. ఓటు రోజున ఆయన తీవ్రమైన జ్వరంతో మంచం పట్టాడనీ, కుటుంబం ఇన్నాళ్ళూ చెప్పుకున్న ఈ మాటకు ఆయన ఉత్తరమే ఇప్పుడు రుజువనీ ఉంది. ఆ ఉత్తరం చదివి ధ్రువపరచినవారు, ఇండియాలో విశ్రాంత న్యాయమూర్తి అని, పక్కన నా పేరు. నా పేరు అమెరికాలో ఒక్క అక్షరం తప్పు పోకుండా అచ్చయింది అదే మొదటిసారి.

సర్వీసులో వేల నకళ్ళ మీద సంతకం పెట్టి ఉంటాను. వాటిలో తప్పులుండవచ్చు, నిద్రమత్తులో పోయిన అక్షరాలుండవచ్చు. కావాలని వదిలేసిన మాట మాత్రం ఒక్కటి లేదు. ఈ ఒక్క విషయంలో నేను పెంచి చెప్పడం లేదు.

చదవడం ఆపేశాను.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఈ పేజీలో రెండు తప్పులున్నాయి మేడమ్."

"కామాలా?"

"కాదు. నేను జడ్జిని కాను. ఆయనకు జ్వరం లేదు."

హీటరు రెండుసార్లు దగ్గింది. ఆవిడ నా భుజం వైపు తిరిగింది, అంటే నా మొహంలోకి చూస్తోందన్నమాట.

"మొదటిదాని సంగతి తర్వాత చూద్దాం. రెండోది చదవండి" అంది.

పెట్టె తీసి, కట్ట విప్పి, ఉత్తరం తిప్పి పట్టుకుని ఆ రెండు వరసలూ చదివాను. ఇంకోసారి అంది. చదివాను. మూడోసారి అడగలేదు. కుర్చీలో వెనక్కి వాలింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కోపం తెచ్చుకున్నా బాగుండేది. రెండూ కాలేదు.

"పెన్ను తీసుకోండి" అంది. "జ్వరం కొట్టేయండి. పొయ్యి పక్కన కూర్చున్నాడని రాయండి. జీను పట్టీ కూడా రాయండి, వదలొద్దు. ఎవరికీ చెప్పవద్దని భార్యకు రాసిన సంగతి కూడా."

రాశాను. నా దస్తూరీ గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది. ఆ రోజు వంకర పోయింది.

"డెబ్బై నాలుగేళ్ళుగా ఆ జ్వరాన్ని నమ్మాలని చూస్తున్నాను" అంది ఆవిడ. "అలిసిపోయాను. మీరెందుకు దాటేశారు?"

"మీ కోసమే మేడమ్. మీరు బాధపడతారని..."

"నాకు ఎనభై రెండు. నన్ను బుజ్జగించే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఎందుకు దాటేశారు?"

అప్పుడు చెప్పాను. నాకూ ఒకసారి అలాంటి జ్వరం వచ్చిందన్నాను. మా సెక్షన్‌లో నా పక్క బల్ల మీద రాసే గుమాస్తా ఒకతను ఉండేవాడు. పదేళ్ళు ఒకే సిరాబుడ్డిలో కలాలు ముంచి రాశాం. ఒక భూమి తగాదా ఫైలు మాయమైతే అతని మీద పడింది. ఆ ఫైలు మా పై అధికారి సాయంత్రం తన సంచీలో పెట్టుకుని వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. చూసింది నేనొక్కణ్ణే. విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు. అధికారి ఒకవైపు, పక్క బల్లవాడు ఒకవైపు. మా కోర్టులో అలాంటి రోజులకు ఒక పద్ధతి ఉండేది. డాక్టరు సర్టిఫికెట్టు పెట్టి సెలవు చీటీ పంపేవాళ్ళం. నేనూ పంపాను. ఆ రోజు నిజంగానే కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందని కూడా ఆవిడకు చెప్పాను.

"ఆ ఉత్తరం చదువుతుంటే, పొయ్యి పక్కన కూర్చున్న మనిషి ఎవరో నాకు తెలిసినట్టే అనిపించింది. అందుకే" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "మరి అతను? మీ పక్క బల్ల అతను ఏమయ్యాడు?"

"ట్రాన్స్‌ఫర్ చేశారు. కొంచెం దూరపు ఊరు. తర్వాత బాగానే ఉన్నాడని విన్నాను."

హీటరు పక్క నా భార్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ట్రాన్స్‌ఫర్ ఎక్కడండీ?" అంది తెలుగులో.

పెద్దావిడ అటు తిరిగింది. "ఏమంటున్నారు ఆవిడ?"

"ఏం లేదు మేడమ్. ఇంటికి వెళ్ళే టైమైందంటోంది."

"నేను అలా అనలేదు" అంది నా భార్య. "అతని ఉద్యోగం పోయింది. ముగ్గురు పిల్లలు. ఆ పొద్దున అతని భార్య మనింటికొచ్చి మధ్యాహ్నం దాకా గుమ్మంలో కూర్చుంది. ఆయనకు ఒళ్ళెరగని జ్వరమమ్మా అని ఆమెకు చెప్పింది నేను. మీకు జ్వరమూ లేదు, వెచ్చనా లేదు. వెనక గదిలో మంచం మీద కూర్చుని రెండు ప్లేట్లు ఉప్మా తిన్నారు. ఆవిడకి అది చెప్పండి."